పాండిచ్చేరిలో ఏ ఏరియాలో దిగాలి? చెన్నై తెలుగువాళ్ల కోసం ఒక పూర్తి మార్గదర్శి

చెన్నైలో ఉండే తెలుగు కుటుంబాల్లో వరసగా మూడు రోజులు సెలవులొచ్చాయంటే ముందుగా వినబడే పేరు పాండీ. ఊరి నుంచి చుట్టాలు దిగినా అంతే. మెరీనా, మహాబలిపురం తిప్పేశాక మిగిలేది పాండిచ్చేరే. ఈసీఆర్ (తీరం వెంబడి వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద 150 కిలోమీటర్ల పైచిలుకు దూరం, కారులో మూడు, మూడున్నర గంటల ప్రయాణం. వెళ్లడంలో కష్టమేమీ లేదు. చిక్కంతా బస దగ్గరే వస్తుంది. యాప్ తెరిచి, రేటు చూసి, స్విమ్మింగ్ పూల్ ఫొటో చూసి బుక్ చేసేస్తారు. తీరా వెళ్లాక సముద్రం ఎక్కడో నాలుగు కిలోమీటర్ల అవతల ఉంటుంది. లేదా కిటికీ తీస్తే సముద్రమే కనిపిస్తుంది గానీ, పిల్లలు కాలు తడుపుకోవడానికి ఇసుక ఉండదు.

కాబట్టి ముందు ఏరియా తేల్చుకోండి, ఆ తర్వాతే హోటల్ వెతకండి. పాండీలో ఒక్కో ఏరియా ఒక్కో ఊరిలా ఉంటుంది. ఒకచోట దొరికేది ఇంకోచోట దొరకదు.

ముందుగా: ఎవరెవరు వస్తున్నారు?

బడ్జెట్ కంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది. మీతో వచ్చేవాళ్లలో మోకాళ్ల నొప్పులవాళ్లు ఉన్నారా? పొద్దున్నే ఇడ్లీ, ఫిల్టర్ కాఫీ పడకపోతే రోజు మొదలవ్వని నాన్నగారు ఉన్నారా? ఇసుకలో ఆడతామని చెన్నైలోనే బకెట్లు సర్దుకున్న పిల్లలున్నారా? లేక ఇద్దరే వెళ్లి, సాయంత్రాలు వీధులు తిరుగుతూ గడపాలనుకుంటున్నారా?

వీటిలో ఏది ముఖ్యమో ఒక్కటే ఎంచుకోండి. అన్నీ కావాలంటే ఏ ఒక్క ఏరియాలోనూ దొరకవు. ఇంకో మాట, పగలు ఎలాగూ తిరుగుతూనే ఉంటారు. పొద్దున ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారో ఆలోచించండి. బస నిర్ణయించాల్సింది ఆ రెండు వేళల్ని బట్టే.

ఊరి నక్షా ఒకసారి మనసులో వేసుకోండి

పాత పాండిచ్చేరి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. తూర్పున సముద్రాన్ని ఆనుకుని గూబెర్ అవెన్యూ, అంటే అందరూ బీచ్ రోడ్డు అనేది. ఉత్తరాన సర్దార్ పటేల్ సాలై, పడమట అన్నా సాలై, దక్షిణాన సుబ్బయ్య సాలై. ఈ నాలుగింటి మధ్య ఉన్నదే అసలు ఊరు. దాని మధ్యలోంచి ఉత్తర దక్షిణాలుగా ఒక పెద్ద కాలువ పోతుంది. కాలువకు సముద్రం వైపున ఉన్నది వైట్ టౌన్, ఒకప్పటి ఫ్రెంచివాళ్ల పేట. పడమట వైపున ఉన్నవి తమిళ వీధులు. కాలువ దగ్గర్నుంచి బీచ్ రోడ్డుకు నడిస్తే ఆరేడు నిమిషాలు పడుతుంది, అంతే. ఈ చిన్న దూరం గుర్తుంటే హోటల్ రేట్లలో చాలా డబ్బు మిగులుతుంది. ఎలాగో కింద చెబుతాను.

గుడ్డు బయటికొస్తే ఉత్తరాన ముత్యాల్‌పేట, అది దాటగానే కొట్టకుప్పం, సెరెనిటీ బీచ్, ఇంకా పైకి ఆరోవిల్ దారి, కాలాపేట. పడమట బస్టాండు, లాస్‌పేట, జిప్‌మర్ ఆసుపత్రి ఉన్న గోరిమేడు. దక్షిణాన అరియాంకుప్పం, వీరాంపట్టణం, చున్నాంబార్. పుదుచ్చేరి భూభాగం, తమిళనాడు భూభాగం ఇక్కడ ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని ఉంటాయి. కొట్టకుప్పం, సెరెనిటీ, ఆరోవిల్‌లో చాలా భాగం తమిళనాడు కిందికి వస్తాయి. పుదుచ్చేరిలో కొన్న మందు సీసాలతో ఆ సరిహద్దు దాటితే పోలీసు తనిఖీలో దొరికిపోతారు. ఉత్తరం వైపు రూమ్ తీసుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇసుక ఎక్కడుందో తెలుసుకోండి

చాలామంది కుటుంబాలు నిరాశపడేది ఇక్కడే. వైట్ టౌన్ ముందు సముద్రం ఉంది గానీ, చాలా మేరకు ఒడ్డున నల్లటి బండరాళ్ల కట్టే కనిపిస్తుంది. అక్కడ ఇసుక తీరం పోవడానికి కారణం ఉంది. ఈ తీరంలో అలలు ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకెళ్తాయి. 1980ల చివర్లో ఊరికి దక్షిణాన, అరియాంకుప్పం ఏరు సముద్రంలో కలిసే చోట, రేవు కోసం సముద్రంలోకి రాతి గోడలు కట్టారు. వచ్చే ఇసుక ఆ గోడల దగ్గరే ఆగిపోయింది. ఉత్తరాన ఉన్న ఊరికి ఇసుక అందక ఒడ్డు కోసుకుపోయింది, దాంతో రాళ్లు పోసి కాపాడుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత చీఫ్ సెక్రటేరియట్ ఎదురుగా నీళ్లలో కృత్రిమంగా ఒక దిబ్బ కట్టాక అక్కడ కొంత ఇసుక తిరిగొచ్చింది. సాయంత్రం పిల్లలు ఆడుకునేది ఆ ముక్కలోనే.

దీన్నిబట్టి రేవుకు దక్షిణాన ఇసుక పుష్కలంగా ఉందని, ఉత్తరాన తక్కువని అర్థమవుతుంది. పిల్లలకు ఇసుకే ముఖ్యమైతే దక్షిణం వైపు చూడండి. సముద్రం చూస్తూ నడవడం, అలల హోరు వింటూ కూర్చోవడం ముఖ్యమైతే వైట్ టౌన్.

ఇసుక ఉన్న చోటల్లా స్నానం చేయొచ్చని మాత్రం అనుకోవద్దు. ఇది బంగాళాఖాతం. ఒడ్డునుంచి లోపలికి లాగేసే ప్రవాహాలు ఉంటాయి, లోతు ఉన్నట్టుండి పెరుగుతుంది. మోకాలి లోతు దాటి వెళ్లొద్దని పిల్లలకే కాదు, ఈత వచ్చునని ధైర్యంగా దిగే బావగారికీ మరిదికీ కూడా గట్టిగా చెప్పండి.

వైట్ టౌన్

మొదటిసారి వెళ్తూ, ఇద్దరే ఉంటే, డబ్బు కాస్త ఎక్కువైనా పర్వాలేదనుకుంటే ఇక్కడే దిగండి. పసుపు గోడలు, తెల్లటి అంచులు, గోడల మీదుగా వీధిలోకి వాలిన కాగితం పూల తీగలు ఫొటోల్లో చూసే ఉంటారు. కానీ ఇక్కడ బస చేయడంలో ఉన్న సుఖం పొద్దున ఆరింటికి తెలుస్తుంది. పగటిపూట వచ్చిపోయే జనం ఇంకా చేరరు. ఆ వేళకు డ్యూమా వీధిలో కొబ్బరి చీపురుతో వాకిలి ఊడుస్తున్న చప్పుడు, దూరంగా అలలు రాళ్లకు కొట్టుకునే చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు. చెన్నై ట్రాఫిక్‌లో ఏడాదంతా నలిగినవాళ్లకు ఆ గంట ఒక్కటి చాలు.

సాయంత్రం 6 నుంచి మర్నాడు పొద్దున 7:30 దాకా బీచ్ రోడ్డు మీదికి వాహనాలు రానివ్వరు. గాంధీ విగ్రహం నుంచి రెండు వైపులా ఊరంతా నడకకు వస్తుంది. చంటిపిల్లల్ని వదిలేసినా భయం ఉండదు. అయితే బీచ్ రోడ్డు మీదే హోటల్ తీసుకుంటే ఇదే నియమం మీకు ఇబ్బంది అవుతుంది. సాయంత్రం ఏడింటికి సామాన్లతో దిగితే కారు గుమ్మం దాకా రాదు. మధ్యాహ్నమే చేరుకోండి. లేదంటే వెనక వీధిలోంచి ఇంకో దారి ఉందేమో హోటల్‌వాళ్లను ముందే అడగండి.

వీధుల పేర్లు చదువుతూ నడుస్తుంటే మనవాళ్లకు ఒకచోట కాలు ఆగుతుంది. లాల్ బహదూర్ శాస్త్రి వీధికి పాత పేరు బుస్సీ వీధి. బొబ్బిలి యుద్ధం కథలో విన్న బుస్సీ దొర ఆయనే. 1757లో బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు నడిపించినవాడి పేరు ఇక్కడ వీధికి ఉంది. పిల్లలకు ఆ కథ చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ఇక ఇబ్బందులు. ఇక్కడి హోటళ్లలో చాలా భాగం పాత ఇళ్లను మార్చి కట్టినవి. ఎత్తయిన పైకప్పులు, టేకు దూలాలు చూడ్డానికి బాగుంటాయి, కానీ మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి. లిఫ్ట్ ఉండదు. మా అత్తయ్యగారితో వెళ్లినప్పుడు మేడమీద రూమ్ ఇస్తామన్నారు. ఆవిడ ఆ చెక్కమెట్లను ఒకసారి కింద నుంచి పైకి చూసి, హాల్లో ఉన్న పడక్కుర్చీలో కూర్చుని, "నేనిక్కడే ఉంటానమ్మా, మీరు పైకి వెళ్లిరండి" అన్నారు. అదృష్టం కొద్దీ కింద ఒక రూమ్ ఖాళీ అయింది. పెద్దవాళ్లుంటే కింది అంతస్తు కావాలని బుకింగ్ అప్పుడే రాయించుకోండి. టిఫిన్ కూడా ఇక్కడ ఒక సమస్యే. వైట్ టౌన్‌లో కెఫేలు ఎక్కువ, రేట్లూ ఎక్కువే. పొద్దున ఆరున్నరకు వేడివేడి ఇడ్లీ కావాలంటే కాలువ దాటి వెళ్లాల్సిందే.

అరవిందాశ్రమం వాళ్ల అతిథి గృహాలు కొన్ని ఈ వైపు ఉన్నాయి. సముద్రానికి ఎదురుగా ఉన్న పార్క్ గెస్ట్ హౌస్ వాటిలో ఒకటి. శుభ్రంగా, ప్రశాంతంగా ఉంటుంది, ఆ చోటికి ఆ రేటు చాలా తక్కువ. మద్యం, సిగరెట్లు కుదరవు, రాత్రి పదిన్నరకల్లా గేటు వేసేస్తారు. పెద్దవాళ్లతో వెళ్లే కుటుంబానికి ఈ నియమాలు వరమే. స్నేహితుల గుంపుకు మాత్రం పనికిరావు. ముందుగా బుక్ చేసుకోకపోతే దొరకడం కష్టం.

యానాం నుంచి సర్కారీ పనుల మీద వచ్చే మనవాళ్లకు కూడా ఇదే దగ్గర. సెక్రటేరియట్ బీచ్ రోడ్డులోనే ఉంది, శాసనసభ భారతి పార్కు పక్కన ఉంది.

కాలువకు పడమట: తమిళ వీధులు

నన్నడిగితే కుటుంబంతో వెళ్లేవాళ్లలో ఎక్కువమందికి సరిపోయేది ఇదే. చాలామంది ఈ వైపు చూడరు, దాని వల్ల రేట్లు ఇంకా అందుబాటులో ఉన్నాయి. ఇందాక చెప్పిన ఆరేడు నిమిషాల నడక ఇక్కడ పనికొస్తుంది. కాలువకు ఈ పక్కన రెండు మూడు వీధుల్లోపు రూమ్ తీసుకుంటే బీచ్ రోడ్డుకు నడిచి వెళ్లొచ్చు, టిఫిన్ హోటల్ గుమ్మం ముందే ఉంటుంది.

వైశ్యాళ్ వీధి దగ్గర ఆగి చూడండి. ఇంటి ముందు వీధి వెంబడి స్తంభాల మీద పెంకుల చూరు, దాని కింద రెండు వైపులా అరుగులు. మన పల్లెల్లో తాతలనాటి ఇళ్లకు ఉండే అరుగులే అవి. ఈ వీధి ఇళ్లను వరసగా బాగుచేసిన పనికి 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. అలాంటి ఇళ్లు కొన్ని బసలుగా మారాయి. లోపల మండువా, చుట్టూ గదులు. మా అమ్మ వయసువాళ్లకు ఫ్రెంచి బంగళా కంటే ఇలాంటి ఇంట్లోనే హాయిగా అనిపిస్తుంది. ఎంజీ రోడ్డులో కన్యకా పరమేశ్వరి గుడి ఉంది. మణక్కుళ వినాయగర్ గుడి కాలువకు అవతల, వైట్ టౌన్ వైపు ఉంది, అది కూడా నడక దూరమే.

నెహ్రూ వీధి, మిషన్ వీధి, గూబెర్ మార్కెట్ చుట్టుపక్కల మాత్రం గోల ఎక్కువ. అక్కడ దిగితే రోడ్డు వైపు కిటికీ లేని రూమ్ అడగండి. ఇంకోటి, ఆదివారం సంత. ఎంజీ రోడ్డు పొడవునా ఆదివారం బట్టల దుకాణాలు, సామాన్ల దుకాణాలు పరుచుకుంటాయి. షాపింగ్ ఇష్టమైనవాళ్లకు పండగే. కానీ ఆ పక్క వీధుల్లో కారు పెట్టి ఉంటే, ఆదివారం మధ్యాహ్నం దాన్ని బయటికి తీసేసరికి ఓపిక నశిస్తుంది.

మిగతా ఏరియాలు

బస్టాండు చుట్టుపక్కల, లాస్‌పేట వైపు హోటళ్లు కొత్తవి. లిఫ్ట్, పార్కింగ్, కుటుంబమంతా పట్టే గదులు ఉంటాయి. పది మంది కలిసి వెళ్తే ఇదే నయం. కానీ పాండీకి వచ్చామన్న భావన రాదు, సముద్రానికి ప్రతిసారీ ఆటో ఎక్కాలి. ఇక్కడి ఆటోలు మీటర్ వేయవు, ఎక్కేముందే బేరం తేల్చుకోవాలి. ఆసుపత్రి పని మీద జిప్‌మర్‌కు వచ్చేవాళ్లు మాత్రం ఊళ్లో దిగొద్దు. ఓపీకి తెల్లవారే లైన్లో ఉండాలి, గోరిమేడులోనే ఉండండి.

సెరెనిటీ బీచ్ వైపు కుర్రాళ్లు, సర్ఫింగ్ నేర్చుకునేవాళ్లు ఎక్కువ. అలల తాకిడి ఆపడానికి సముద్రంలోకి వేసిన రాళ్ల వరసలుంటాయి, వాటి పక్కన ఈతకు దిగడం ప్రమాదం. సొంత బండి లేకపోతే రాత్రి భోజనానికి ఊళ్లోకి వచ్చిపోవడం ఇబ్బందే.

ఆరోవిల్ 1968 ఫిబ్రవరి 28న మొదలైన ప్రపంచ గ్రామం. చెట్లు, ఎర్రమట్టి దారులు, చిమ్మచీకటి రాత్రులు. అక్కడి అతిథి గృహాల్లో ఉండాలంటే ఆ ప్రశాంతత మీద ఇష్టం ఉండాలి. అక్కడి ధ్యాన మందిరమైన మాతృమందిరం దూరం నుంచి చూసి వచ్చేయడానికైతే ఊళ్లోంచి ఒక పూట చాలు, లోపలికి వెళ్లాలంటే ముందే బుక్ చేసుకోవాలి. సముద్రం అక్కడ నుంచి దూరమే. చుట్టాలతో, టీవీ చూసే పిల్లలతో అక్కడ దిగితే రెండో రోజుకే విసుగొస్తుంది.

దక్షిణం వైపు, చున్నాంబార్, వీరాంపట్టణం చుట్టూ రిసార్టులున్నాయి. చిన్న వీరాంపట్టణంలోని ఈడెన్ బీచ్‌కు 2021లో, శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. చున్నాంబార్ బోట్ హౌస్ నుంచి పడవలో వెళ్లే ప్యారడైజ్ బీచ్ కూడా ఇటే. ఇసుకే ప్రాణమనుకునే పిల్లలుంటే ఇక్కడే దిగండి. ఊళ్లోకి వెళ్లాలంటే మాత్రం కడలూరు రోడ్డు ట్రాఫిక్ దాటాలి. రెండు వేల ఏళ్ల కిందట రోమన్లతో వర్తకం జరిగిన అరికమేడు కూడా దగ్గర్లోనే ఉంది. చరిత్ర ఇష్టమైనవాళ్లు వెళ్లిరండి, కానీ అక్కడ కంటికి కనబడేవి మొండి గోడలే.

నెల, వారం చూసుకోండి

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గరే తీరం దాటింది. 24 గంటల్లో 45 సెంటీమీటర్లకు పైగా వాన పడింది, రెయిన్‌బో నగర్, కృష్ణా నగర్ లాంటి పల్లపు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. ఆ నెలల్లో వెళ్తే అలాంటి కాలనీల్లో హోమ్‌స్టేలు వద్దు. బుకింగ్ రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి వచ్చేలా చూసుకోండి.

డిసెంబరు 31న వైట్ టౌన్‌లోకి వాహనాల్ని కట్టడి చేస్తారు, బీచ్ రోడ్డు జనంతో కిక్కిరిసిపోతుంది. సందడి ఇష్టపడని కుటుంబాలు ఆ వారం రాకపోవడమే మంచిది. మామూలు రోజుల్లో కూడా శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం దాకా చెన్నై, బెంగళూరు కార్లతో ఊరు నిండిపోతుంది. మంగళ, బుధవారాల్లో సెలవు పెట్టగలిగితే అదే రూమ్ చాలా తక్కువకు వస్తుంది.

ఏరియా ఖాయమయ్యాక, హోటల్ పరిశీలన

యాప్‌లో "బీచ్‌కు దగ్గర", "వైట్ టౌన్‌కు అయిదు నిమిషాలు" అనే మాటల్ని నమ్మొద్దు. అయిదు నిమిషాలు నడకా, కారా అన్నది రాయరు. మ్యాప్ తెరిచి రెండు గీతలు చూడండి: కాలువ ఎక్కడుంది, బీచ్ రోడ్డు ఎక్కడుంది. హోటల్ నుంచి గాంధీ విగ్రహానికి నడక దారి అడిగితే మ్యాపే నిమిషాలు చెబుతుంది. పదిహేను నిమిషాలు దాటితే పెద్దవాళ్లు నడవరు.

తర్వాత ఫోన్ చేయండి. ఫోన్‌లో దొరికే సమాచారం రివ్యూల్లో దొరకదు. పార్కింగ్ ఉందా అని అడిగితే ఉంది సార్ అంటారు. అక్కడితో ఆపకూడదు.

"కాంపౌండ్ లోపలా, వీధిలోనా అన్నా?"

"వీధిలోనే సార్, వాచ్‌మన్ చూసుకుంటాడు."

"రాత్రి పెట్టనిస్తారా అక్కడ?"

కాసేపు మాట ఉండదు. "పక్క వీధిలో పెట్టాలి సార్."

ఇలాగే ఒక్కోటీ అడగండి. జనరేటర్ ఏసీకి కూడా పనిచేస్తుందా, ఫ్యాన్‌కేనా? రూమ్ ఏ అంతస్తు, లిఫ్ట్ ఉందా? పక్కనే బార్ గానీ, పెళ్లి మండపం గానీ ఉందా? వేడినీళ్లు రోజంతానా, పొద్దున ఒక పూటేనా? పుదుచ్చేరిలో మద్యం తమిళనాడు కంటే చవక కావడం వల్ల వారాంతాల్లో కొన్ని లాడ్జిలు మగవాళ్ల గుంపులతో నిండిపోతాయి. "ఫ్యామిలీలే వస్తారా?" అని సూటిగా అడగడానికి మొహమాటపడొద్దు. ఈ ప్రశ్నకు నీళ్లు నమిలారంటే ఆ చోటు వదిలేయండి.

రివ్యూలు చదివేటప్పుడు అయిదు నక్షత్రాలవి పక్కన పెట్టి, మూడు నక్షత్రాలవి చూడండి. నచ్చిందీ నచ్చనిదీ రెండూ రాసేది వాళ్లే. అవి కూడా గడిచిన మూడు నాలుగు నెలలవే చూడండి.

రెండు రాత్రులుంటే రెండు చోట్ల

పిల్లలూ పెద్దవాళ్లూ కలిసి వెళ్లేటప్పుడు నేను చెప్పే ఉపాయం ఇది. మొదటి రాత్రి దక్షిణాన ఇసుక ఉన్న వైపు రిసార్టులో దిగండి. మర్నాడు పొద్దున పిల్లలు తనివితీరా ఆడుకున్నాక, మధ్యాహ్నానికి కాలువ పక్కన తమిళ వీధుల్లోకి మారిపోండి. సామాన్లు ఒకసారి ఎక్కువ సర్దుకోవాలి, అంతే. ఒకే చోట ఉండి రోజుకు రెండుసార్లు కడలూరు రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కోవడం కంటే అది చాలా నయం. ఈ వరసలో ఇంకో లాభం ఉంది. చివరి రాత్రి ఊళ్లో ఉంటే తిరుగు ప్రయాణంలో ఈసీఆర్ ఎక్కడం తేలిక.

బస్సులో వచ్చేవాళ్లు ఎక్కేముందు రూటు అడగండి. ఈసీఆర్ మీదుగా వచ్చే బస్సు ఉత్తరం వైపు నుంచి ఊళ్లోకి వస్తుంది, సెరెనిటీ వైపు బస ఉంటే కొట్టకుప్పంలోనే దిగిపోవచ్చు. తిండివనం మీదుగా వచ్చేది పడమట నుంచి వస్తుంది. ఎగ్మూర్ నుంచి వచ్చే రైలు విల్లుపురం చుట్టి వస్తుంది కాబట్టి ఆలస్యమే, కానీ స్టేషన్ సుబ్బయ్య సాలై పక్కనే ఉంది. వైట్ టౌన్ దక్షిణపు కొసలో రూమ్ తీసుకుంటే సామాను తక్కువున్నవాళ్లు నడిచే వెళ్లిపోవచ్చు.

కారువాళ్లు ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే బయల్దేరండి. పెట్రోలు పుదుచ్చేరిలో తమిళనాడు కంటే చవక, కొట్టకుప్పం సరిహద్దుకు ముందే ట్యాంకు నింపుకోండి. నాలుగు దాటితే మహాబలిపురం, కోవళం దగ్గర వారాంతపు కార్లన్నీ తోడవుతాయి, ఇంటికి చేరేసరికి రాత్రి అవుతుంది.